మలుపులో మహానుభావులు

అరకు ఘాట్ రోడ్డు ఎందుకు వేశారో మనలో చాలామందికి తెలియదు. కొండ మీది ఊళ్లకూ కింది ఊళ్లకూ రాకపోకల కోసమని ఇన్నాళ్లూ అపోహపడ్డాం. నిజానికి దాన్ని వేసింది కారు వాళ్లు హెయిర్‌పిన్ మలుపు నడిబొడ్డున బండి ఆపి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి, రీల్ తీసుకోవడానికి. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర బళ్లు ఆపుకోవడానికి చోటుంది కదా అని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. అక్కడ ఆపితే ఫ్రేములో పక్కవాళ్ల కారు పడుతుందండీ. అదీ మనకన్నా పెద్ద కారైతే ట్రిప్పు మొత్తం దండగ.

వీళ్ల యాత్రాక్రమాన్ని శ్రద్ధగా పరిశీలించాను. పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు ఎక్కుతారు. కుడిచేతి వైపు సముద్రం భీమిలి దాకా వెంట వస్తూనే ఉంటుంది. దాన్ని చూసే బాధ్యత వెనక సీటు వాళ్లది, వాళ్లు నిద్రపోతుంటారు. తొట్లకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. ఎండలో నడవాలి కాబట్టి లేనట్టే లెక్క. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం తప్పకుండా దిగుతారు, సినిమా పాటల్లో చూశారు మరి. గాలీ వానా సముద్రమూ కలిసి వేల ఏళ్లు కూర్చిన ఆ దిబ్బల్ని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. మనవాడు కారు తాళంచెవి తీసి, ఆ ఎర్రమట్టి గోడ మీద తన పేరు, ఒక హృదయం గుర్తు, అందులోంచి దూసుకుపోయే బాణం, పక్కన ఇంకో పేరు చెక్కాడు. రేపు యునెస్కో వాళ్లొస్తే ఇది ఏ రాజవంశపు శాసనమో తేల్చుకోలేక చావాలి.

మధ్యాహ్నానికి ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతారు. సాయంత్రానికి బొర్రా గుహలు, అనంతగిరి, అరకు అన్నీ ‘అయిపోతాయి’. బొర్రా దగ్గర పారే గోస్తనీ నదే కిందికి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని ఒకాయనకు చెప్పి చూశాను. “ఒకటే నదైతే రెండు చోట్లకీ ఎందుకండీ తిప్పడం, డీజిల్ దండగ” అన్నాడు.

ఇక అసలు ఘట్టం. మలుపులో కారు. కారు ముందు రోడ్డుకు అడ్డంగా బావమరిది, చేతిలో ఫోను. ప్రతి కారులోనూ ఒక బావమరిది ఉంటాడు, దర్శకత్వం అతనిదే. సన్‌రూఫ్‌లోంచి నడుం దాకా బయటికొచ్చిన పిల్లాడు. బావగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని బానెట్‌కి ఆనుకున్నారు. అక్కగారు మంచులోంచి పమిట ఎగరేసుకుంటూ నడిచి రావాలి. గాలి లేదు. గాలి కోసం ఎదురుచూస్తున్నారు. ఈలోగా కింది నుంచి ఆర్టీసీ బస్సొచ్చింది.

“బాబూ, బండి తీయండి. ఎక్కుడు మీద ఆపలేను.”

“ఒక్క టేక్ బాబాయ్! అక్కా, నువ్వు ఇటు చూడకు, లోయలోకి చూడు.”

బస్సు వెనక కూరగాయల ఆటో. ఆటో వెనక సంత జీపు, లోపల ఎంతమందో టాపు మీద అంతమంది. డ్రైవరు బ్రేకు మీద నిలబడినంత పని చేస్తూ ఇంజను రేజ్ చేశాడు. నల్లటి పొగ గుప్పుమంది. బావమరిది కళ్లు మెరిశాయి. “ఎఫెక్టు అదిరింది బాబాయ్, అలాగే వదులుతూ ఉండండి!”

ఇరుకు కొండరోడ్డు మీద దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. మన బావగారు ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. ఇలాంటి మనిషి పుడతాడని నిబంధనలు రాసినవాళ్లు పాపం ఊహించలేదు.

(వలిసె పూల చేలల్లో పొర్లాడి తీసే వీడియోల గురించి ఇక్కడ రాయను. అది నూనెగింజల పంట అనీ, దానికో రైతున్నాడనీ చెబితే నొచ్చుకుంటారు. ఫొటోకి ఆ రైతు డబ్బులడిగితే మాత్రం “ప్రకృతిని కూడా అమ్ముకుంటున్నారు” అని బాధపడతారు.)

ఆ బళ్ల వరసలో ఒక్కోసారి అంబులెన్సు కూడా ఉంటుంది. ఈ కొండల్లో రోడ్డు లేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. నొప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టిన డోలీలో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ, వాగులు దాటుకుంటూ మైళ్లకు మైళ్లు మోసుకొస్తారు. తారు రోడ్డు కనబడితే గండం గడిచిందనుకుంటారు. గడవదు. ఆ రోడ్డు మీద నువ్వున్నావు. నీ పాట ఉంది, సైరన్ వినబడనంత గట్టిగా. వినబడ్డాక కూడా “ఒక్క నిమిషం” అని వేలు చూపించావు చూడు, ఆ వేలు విరిచెయ్యాలి. వాళ్లు కాలినడకన సంపాదించుకొచ్చిన నిమిషంరా అది! నీ లైకుల కోసం తీసుకోవడానికి నువ్వెవడివి? అంబులెన్సుకు దారివ్వకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194-ఇ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా వద్దు, అది నీకు ఒక పూట రిసార్టు బిల్లు. ఆరు నెలలూ వెయ్యాలి.

క్షమించాలి, పత్రికా మర్యాద తప్పాను. నిర్మాణాత్మకమైన సూచన చేస్తాను. విశాఖలోనే ఏదైనా ఖాళీ స్థలం చూసి, నాలుగంతస్తుల ఎత్తున అనంతగిరి ఫ్లెక్సీ కట్టించాలి. పక్కన ఎర్రమట్టి దిబ్బలది ఇంకోటి, పేర్లు చెక్కుకోవడానికి వీలుగా దానికి థర్మోకోల్ గోడ. ముందు మలుపు ఆకారంలో కాస్త తారు పోస్తే చాలు. పమిటకు పెద్ద ఫ్యాను, మంచుకు పెళ్లి మండపాల్లో వాడే పొగ మిషను. గంటలో అరకు అయిపోతుంది, సాయంత్రానికి సినిమాకు కూడా వెళ్లొచ్చు. ప్రతి కారుకూ అరగంట స్లాటు. స్లాటు అయిపోయాక కూడా బండి తియ్యకపోతే ఏం చెయ్యాలంటారా? తియ్యరు, నాకు తెలుసు. అందుకే తారు కింద ముందే క్రేను కొక్కెం అమర్చి పెట్టమంటున్నాను.