మిట్టమధ్యాహ్నం ఎండలోనే తీశాను, ఏం?

మొన్న ఆదివారం తీసిన ఫోటో ఒకటి తెలిసినాయనకి చూపించాను. పచ్చగడ్డి పరుచుకున్న కొండవాలు, మధ్యలో ఒంటరి చెట్టు, పైన దూదిపింజల్లాంటి మబ్బులు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, మళ్లీ చిన్నది చేసి, చివరికి అన్నది ఇదీ: "ఫ్రేమ్ బావుందండీ. కానీ లైట్ హార్ష్‌గా ఉంది. గోల్డెన్ అవర్‌లో, అదే సూర్యుడు పొడిచిన కాసేపు, కుంగే ముందు కాసేపు ఉంటుందే, అప్పుడు వెళ్లాల్సింది."

ఈ మాట వినడం ఎన్నోసారో లెక్క లేదు. అందుకే ఈ పోస్ట్. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉంటేనే చదవండి.

పొద్దుటి వెలుతురు, సాయంత్రపు వెలుతురు అందంగా ఉంటాయి, కాదన్నదెవరు? సూర్యుడు కిందికి ఉన్నప్పుడు నీడలు బారెడు సాగుతాయి, నేల మీద ప్రతి ఎగుడుదిగుడూ తేలి కనిపిస్తుంది. కానీ నేను వెళ్లేది నడకకి. దారిలో ఏదైనా కంట్లో పడితే తీస్తాను. ఆకాశం తేటగా ఉన్న వేసవి రోజున ఆరేడు గంటలు నడిస్తే అందులో గోల్డెన్ అవర్ వాటా ఎంత? మహా అయితే ఏదో ఒక చివర కాస్త. మిగతా టైమంతా కెమెరాని సంచిలో పెట్టి బరువు మోయమంటారా?

అసలు ఎండలో ఎంత సుఖమో చాలామంది గమనించరు. పాతవాళ్లు ఒక లెక్క చెప్పేవారు. ఎండ బాగా కాస్తుంటే ఎఫ్16 పెట్టు (అంటే లెన్స్ కన్నం బాగా చిన్నది చెయ్యి), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఎంత ఉంటే షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో అన్నో వంతు పెట్టు. అంటే ఐఎస్ఓ 100కి సుమారు 1/125 సెకను. అదే వెలుతురుకి కన్నం పెద్దది చేసి ఎఫ్8కి వస్తే 1/500 వస్తుంది. చేత్తో పట్టుకుని తీసినా ఫోటో కదలదు, ట్రైపాడ్ మోయక్కర్లేదు. గట్టు మీద ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి వంకరగా నిలబడి తీసినా షార్ప్‌గా వస్తుంది. చీకట్లో లేచి, ట్రైపాడ్ భుజాన వేసుకుని, చలికి వణుకుతూ తీసేవాళ్లంటే నాకు గౌరవమే. నా వల్ల కాదంతే.

ఇక పోలరైజర్ సంగతి, అంటే లెన్స్ ముందు తగిలించి తిప్పుకునే, మెరుపుల్ని తగ్గించే ఫిల్టర్. దాన్ని కొన్న కొత్తలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. సాయంత్రం నాలుగున్నరకి, వైడ్ లెన్స్‌కి (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్‌కి) అది తగిలించి, ఆకాశం ముదురు నీలం వచ్చేదాకా తిప్పి వరసపెట్టి తీసేశాను. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్‌లో చూస్తే ప్రతి ఫోటోలోనూ ఆకాశం మధ్యలో సిరా ఒలికినట్టు ఒక నల్లటి పట్టీ, అటూ ఇటూ వెలిసిపోయిన నీలం. ఫిల్టర్ పాడైందనుకున్నాను. పాడైంది నా తెలివి. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశం మీదే పోలరైజర్ ప్రభావం ఎక్కువ. బొటనవేలు, చూపుడువేలు ఎల్ ఆకారంలో పెట్టి, చూపుడువేలు సూర్యుడి వైపు ఉంచి చెయ్యి తిప్పితే బొటనవేలు ఎక్కడెక్కడ తిరుగుతుందో అక్కడ ఆకాశం బాగా ముదురుతుంది. సాయంత్రం ఆ పట్టీ ఆకాశంలో నిలువుగా లేస్తుంది, వైడ్ లెన్స్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడనుకోండి. ఆ పట్టీ ఎక్కడికి పోతుంది? పడుకుని దిగంతం చుట్టూ వడ్డాణంలా చుట్టుకుంటుంది. మనం ఎటు తిరిగి తీసినా ఆకాశం ఎడమ నుంచి కుడికి ఒకే తీరుగా వస్తుంది. మరీ పొగమంచులాంటి మసక ఉంటే నీలం అంతగా ముదరదు గానీ, మచ్చలైతే పడవు. హార్ష్ లైట్ అని తిట్టేవాళ్లు ఈ మాట ఎప్పుడూ చెప్పరు.

అన్నట్టు పోలరైజర్‌ని ఆకాశం కోసమే అనుకోవడం ఇంకో పొరపాటు. నాకైతే ఆకుల కోసం కావాలి. మధ్యాహ్నం ఆకు మీద ఎండ పడి అద్దంలా తళుక్కుమంటుంది, ఫోటోలో ఆ తళుకు తెల్లటి చుక్కలుగా వచ్చి పచ్చదనాన్ని మింగేస్తుంది. ఫిల్టర్ మెల్లగా తిప్పుతుంటే ఆ తెల్లపొర తొలగి లోపలి అసలు పచ్చ బయటికొస్తుంది. వాగు గట్టున కూర్చుని నీటి వైపు చూస్తూ తిప్పండి, ఇంకా సరదా. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో వచ్చే మెరుపు దాదాపు మొత్తం పోతుంది, అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటే తేలుతాయి. నేనైతే ఫోటో తీయడం మర్చిపోయి ఊరికే అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చుంటాను.

సరే, ఆ చెట్టు ఫోటో సంగతికొద్దాం. వేసవిలో తేటగా తెల్లారిన రోజున ముందు మబ్బు ఉండదు. పొద్దెక్కి నేల వేడెక్కాక, గాలి పైకి లేచి చల్లబడి, పదీ పదకొండు గంటలకి చిన్న చిన్న తెల్లమబ్బులు పుడతాయి. వాటి నీడలు నేల మీద పాకుతూ పోతాయి. మధ్యాహ్నపు వెలుతురు అంతా ఒకేలా చదునుగా ఉంటుందనేవాళ్లు ఈ నీడల్ని చూడలేదనే నా అనుమానం.

మొన్న ఆ వాలుకి ఎదురుగా ఒక రాయి మీద కూర్చున్నాను. మొదట చూసినప్పుడు నిజంగానే ఫోటో లేదు. చెట్టు పచ్చ, వెనక గడ్డి పచ్చ, రెండూ కలిసిపోయాయి. ఎడమ పక్క నుంచి ఒక నీడ అంచు వస్తోంది. గడ్డి మీద దాని రాక స్పష్టంగా తెలుస్తుంది, ఎవరో స్విచ్ ఆర్పుకుంటూ నడుస్తున్నట్టు. అది వచ్చి చెట్టుని కూడా కమ్మేసింది. పోయింది. ఇంకోటి వచ్చింది, అది వాలుకి పైనుంచి దాటిపోయింది. ఇలా ఇరవై అయిదు నిమిషాలు. టోపీ కింద నుంచి చెమట కారి కంట్లో మండుతోంది, స్క్రీన్ మీద ఏమీ కనబడక టోపీ తీసి దానికే గొడుగు పట్టాను. అప్పుడొచ్చింది, వెనక వాలంతా నీడ, చెట్టు ఒక్కటే ఎండలో. ఆరేడు సెకన్లు ఉందేమో. ముదురు పచ్చ మీద లేతపచ్చ చెట్టు, దాని నీడ కాళ్ల దగ్గర గుండ్రంగా ముద్దలా. మూడు ఫోటోలు తీశాను. మబ్బు అంచుల తెల్లదనం పోకుండా ఎక్స్‌పోజర్ (లోపలికి రానిచ్చే వెలుతురు) కాస్త తగ్గించాను, అంతకుమించి గొప్ప పనేం చేయలేదు.

ఎండలో ఆకాశం తెల్లగా ఎగిరిపోతుందనే గొడవ ఇవాళ్టిది కాదు. 1850ల నాటి ప్లేట్లు (ఫిల్మ్ బదులు వాడిన గాజు పలకలు) నీలానికే ఎక్కువ స్పందించేవి, సముద్రం వెలుతురుకి సరిపెడితే ఆకాశం తెల్లగా ఎగిరిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి రెండూ కలిపి ప్రింట్ చేసేవాడు. ఇప్పుడు మన ఫోన్ జేబులోంచి తీయగానే అడక్కుండా చేసేది దాదాపు అదే. 1927 ఏప్రిల్‌లో అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అక్కడి యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ కొండ ఎదుట పట్టపగలే కెమెరా పెట్టాడు. పసుపు ఫిల్టర్‌తో ఒక ప్లేట్ తీశాక, తను అనుకున్నంత గంభీరంగా ఆకాశం రాదని తోచి, మిగిలిన ఒక్క ప్లేట్‌కి నీలాన్ని అడ్డుకునే ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఆయనకి పేరు తెచ్చిన ఫోటోల్లో అదొకటి. మన దగ్గర ఎర్ర ఫిల్టర్ లేకపోయినా, రంగు ఫోటోని బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి నీలాన్ని బాగా తగ్గిస్తే అదే దారి. దూరపు కొండల మీద మసక కూడా కొంత కరుగుతుంది, ఎందుకంటే ఆ మసకలో నీలమే ఎక్కువ.

వేడి గాలి మాత్రం నిజంగా ఏడిపిస్తుంది. టెలీ లెన్స్‌తో (దూరాన్ని దగ్గర చేసే లెన్స్‌తో) మైళ్ల దూరం తీస్తే కొండ అంచు నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది, ఎంత ఖరీదు లెన్సైనా సరే. అలాంటప్పుడు దూరం మానేసి దగ్గరవి తీసుకోవడమే.

ఇంకో చికాకు కూడా కక్కేస్తాను. పూలు విరగబూసిన చేలో మోకాళ్ల దాకా దిగి, నడుమ నిలబడి ఫోటో దిగేవాళ్లు. ఒకళ్లు దిగితే దారి పడుతుంది, ఆ దారిలో పదిమంది దిగుతారు. అది ఎవరిదో పంట. గట్టు మీద గొంతుక్కూర్చుని లెన్స్‌ని పూల ఎత్తుకి దించితే చేను మధ్యలో ఉన్నట్టే వస్తుంది. తెరిచిన గేటు మూసి రావడానికి కూడా బద్ధకమేమిటో నాకర్థం కాదు.

మళ్లీ ఆ తెలిసినాయన దగ్గరికి వస్తే, గోల్డెన్ అవర్‌లో వెళ్లాల్సింది అన్నారు కదా. ఆ వాలుకి తూర్పున ఒక గుట్ట, పడమటన ఇంకో గుట్ట. ఆయన మాట మీద కాదు గానీ, కిందటేడు ఒకసారి తెల్లవారుజామునే వెళ్లాను. ఆకాశం బంగారంలా వెలిగిపోతోంది, నా చెట్టు మాత్రం తొమ్మిదిన్నర దాకా గుట్ట నీడలో బూడిదరంగులో నిలబడి ఉంది. సాయంత్రం నాలుగైతే రెండో గుట్ట నీడ మీద పడుతుంది.

ఇదంతా చెబితే ఆసక్తిగానే విన్నారు, ఈ ఆదివారం తానూ వస్తానన్నారు. "పొద్దున్నే అయిదింటికి బయల్దేరదామా?" అని అడిగారు. పదిన్నరకి రమ్మన్నాను, టోపీ తెచ్చుకోమన్నాను.