సవరణ: థాయిలాండ్‌లో ఇల్లు, స్థలం కొనుగోలు
పదవీ విరమణ తర్వాత థాయిలాండ్‌లో స్థిరపడటం గురించి మొన్న రాసినప్పుడు, 50 ఏళ్లు నిండి రిటైర్‌మెంట్ వీసా పొందినవారు అక్కడ ఇల్లూ స్థలమూ తమ పేరిటే కొనుక్కోవచ్చని పేర్కొన్నాను, అది తప్పు. ఆ దేశపు భూచట్టం ప్రకారం విదేశీయులకు సాధారణంగా భూమిపై యాజమాన్య హక్కు ఉండదు, ఈ వీసా వల్ల అది రాదు కూడా. కండోమినియం (ఫ్లాట్ల సముదాయం) చట్టం మాత్రం, ఒక భవనంలోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం మించనంత వరకు, విదేశాల నుంచి తెచ్చిన సొమ్ముతో ఫ్లాటును సొంత పేరిట కొనేందుకు వీలు కల్పిస్తుంది. స్థలం కావాలనుకునేవారికి ఉన్న మామూలు దారి గరిష్ఠంగా 30 ఏళ్ల రిజిస్టర్డ్ లీజు. కొన్ని ప్రకటనల్లో దీన్నీ కొనుగోలు అన్నట్టే చెబుతారు, నేను పొరబడింది అక్కడే. రిటైర్‌మెంట్ వీసా కోసం బ్యాంకులో 8 లక్షల బాత్‌లు (థాయిలాండ్ కరెన్సీ) గానీ, నెలకు 65,000 బాత్‌ల ఆదాయం గానీ చూపాలన్న వివరంలో మార్పు లేదు.