చెరువు కట్ట మీది వట్టివేరును పెరకకూడదు

2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరడం మొదలై, దిగువ పల్లెలను ఖాళీ చేయించిన రోజులను తిరుపతి చుట్టుపక్కల వాళ్లు అంత తేలిగ్గా మరిచిపోరు. కట్టల బాగుచేత అనగానే ఇసుక బస్తాలు, రాళ్లు, సిమెంటు గుర్తుకొస్తాయి. పూజా సామగ్రి అంగళ్లలో కట్టలుగా దొరికే వట్టివేరు మాత్రం గుర్తుకు రాదు.

కుండ నీళ్లకు వాసన పట్టించే వేరుగా, వేసవిలో కిటికీకి కట్టే తడికగా దాన్ని ఎరుగుదుం. అది ఒక రకం గడ్డి, నేలలో దాని పని వేరే. చాలా గడ్డి వేళ్లు పైపొరలోనే పక్కలకు పాకితే, ఇవి నిట్టనిలువుగా 3, 4 మీటర్ల లోతుకు దిగుతాయి. పిలకలను వాలుకు అడ్డంగా, 10–15 సెంటీమీటర్ల ఎడంతో వరసగా నాటితే, ఒకటి రెండేళ్లలో దుబ్బులు కలిసిపోయి పచ్చి గోడలా నిలుస్తాయి. వాన వెలిశాక ఆ వరస దగ్గర వంగి చూస్తే, ఎగువ వైపు ఎర్రటి ఒండ్రు వేలు దిగబడేంత మెత్తగా పేరుకుని ఉంటుంది, దిగువకు జారే నీరు తేటపడి ఉంటుంది. ఏటా పేరుకునే ఆ ఒండ్రుతో వాలు దానంతటదే మెట్టుగా మారుతుంది. కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు తరతరాలుగా దీన్ని పొలం గట్లకు వాడుతున్నారు. 1980లలో ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశంలో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా నేల కోత నివారణకు ఈ గడ్డిని విస్తృతంగా ప్రచారం చేశారు.

దీనికీ హద్దులున్నాయి. కట్ట అడుగున పడిన బుంగను గడ్డి పూడ్చలేదు, మొరవ (చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే చోటు) మరమ్మతుకు అది బదులు కాదు. నీడ గిట్టదు కనుక, సర్కారు తుమ్మ కమ్మేసిన కట్టను ముందుగా శుభ్రం చేయాలి. ముదురు మామిడి తోటలో చెట్ల కింద కాకుండా ఎండ తగిలే గట్లనే ఎంచుకోవాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. నూనె కోసం, వేళ్ల అమ్మకం కోసం పెంచే వట్టివేరును ఏడాది, ఏడాదిన్నరకు నిలువునా తవ్వి తీస్తారు. అదే పని వాలు మీద చేస్తే వేళ్లు ఇన్నాళ్లూ పట్టి ఉంచిన మట్టి వదులై, తర్వాతి వానకే కొట్టుకుపోతుంది. అందుకే ఆదాయం కోసం వేసేది చదునైన ఇసుక నేలలో వేయాలి, కట్ట మీద నాటినదాని ఆకు కోసి ఇంటి కప్పులకో పశువులకో వాడుకోవాలి తప్ప వేరు జోలికి పోకూడదు. నైరుతి వానలు పడగానే నాటితే, మన చెరువులను నింపే ఈశాన్య వానలు వచ్చేలోపు పిలకలు నిలదొక్కుకుంటాయి. ఏటా వేసవిలో పూడిక తీసే ఉపాధి హామీ పనులతో పాటే ఈ నాటును కూడా జోడించవచ్చు.