బ్రెజిల్‌లో మన గిత్తకు గుడి కట్టలేదండీ

ఏడాదికి రెండుసార్లయినా తిరిగొచ్చే మెసేజ్ ఇది. సంక్రాంతికి బండలాగుడు వీడియోలు మొదలవగానే ఒకసారి, బ్రెజిల్‌లో ఏదో ఆవు వేలంలో రికార్డు ధర పలికిందన్న వార్త రాగానే ఇంకోసారి. చూడనివాళ్ళ కోసం సారం చెబుతాను: "తెల్లదొరలు మన ఒంగోలు గిత్తల్ని దొంగతనంగా ఓడలెక్కించి బ్రెజిల్ పట్టుకుపోయారు. ఇవాళ ఆ దేశంలో నూటికి ఎనభై పశువులు స్వచ్ఛమైన ఒంగోలువే. అక్కడి మారుమూల పల్లెల్లో వాటిని దేవుడిలా చూసుకుంటారు. రోజుకు 40 లీటర్ల పాలిస్తాయి. ఒక ఆవు 40 కోట్లకు అమ్ముడుపోయింది. మనం మాత్రం సొంత జాతిని పోగొట్టుకున్నాం. తెలుగువాడివైతే షేర్ చెయ్."

పూర్తిగా అబద్ధమైతే ఇంత రాసే పని లేకపోను. ప్రతి ముక్కలోనూ పావు వంతు నిజం ఉంది, దాని చుట్టూ ముప్పావు వంతు కథ అల్లారు, పైగా చివర్లో మనల్ని సిగ్గుపడమంటున్నారు. కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

ముందు దొంగతనం సంగతి. 1868లో ఇంగ్లండ్ వెళ్తున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వదోర్ రేవులో ఆగింది, అందులో ఉన్న ఒంగోలు జత అక్కడే అమ్ముడుపోయింది. పదేళ్ళ తర్వాత 1878లో రియో ప్రాంతపు పెంపకందారు మానోయెల్ లెమ్‌గ్రూబర్ ఇంకో జత కొన్నాడు. ఎక్కడ కొన్నాడనుకుంటున్నారు? జర్మనీలో, హాంబర్గ్ జూలో. 1890ల నుంచి ఉబెరాబా అనే ఊరి పశువుల వ్యాపారులు స్వయంగా ఓడలెక్కి ఇండియా వచ్చి, బేరాలాడి, డబ్బులిచ్చి తోలుకెళ్ళారు. 1920లో ఇలా బ్రెజిల్ వెళ్తున్న మంద బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగితే, దాంతో పాటు వచ్చిన ముసర వ్యాధి అక్కడి పశువులకు అంటుకుని యూరప్ అంతా గగ్గోలైంది. ప్యారిస్‌లో 1924లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ పుట్టడానికి కారణం ఆ గొడవే. బ్రెజిల్ కూడా 1921లో ఇండియా నుంచి దిగుమతులు ఆపేసింది. అంటే ఒక దశలో "మీ పశువులు మాకొద్దు" అన్నది వాళ్ళే.

మళ్ళీ పెద్ద ఎత్తున తెచ్చుకున్నది 1960ల మొదట్లో. అప్పటికి ఇక్కడ దొరలూ లేరు, దొరతనమూ లేదు. తోర్రెస్ ఒమెం రోద్రిగెస్ ద కూన్య లాంటి పెంపకందారులు మన ఊళ్ళు తిరిగి ఏరి ఏరి కొన్నారు. ఆ పశువుల్ని నేరుగా దేశంలోకి రానివ్వకుండా సముద్రం మధ్యలో ఉన్న ఫెర్నాండో ద నొరోన్య దీవిలో ఉంచి, జబ్బులేవీ లేవని తేలాకే దింపుకున్నారు. అలా వెళ్ళిన ఒక గిత్త పేరు కర్వాది. ఒంగోలు పక్కన రైల్వే స్టేషన్ ఉన్న కరవది ఊరే ఆ పేరు. ఈ రోజుకీ బ్రెజిల్ వంశావళి పుస్తకాల్లో ఆ పేరు కనబడుతుంది. దొంగసొత్తుకు ఎవడైనా ఎత్తుకొచ్చిన ఊరి పేరు పెట్టుకుంటాడా? మన రైతు అమ్మాడు, వాళ్ళు కొన్నారు. తక్కువకు అమ్మాడా ఎక్కువకా అన్నది వేరే చర్చ.

(ఇంకో రకం మెసేజ్‌లో "ఒంగోలు పేరు మాయం చేసి నెలోర్ అని పెట్టారు" అని కూడా ఉంటుంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఆ నెల్లూరే వాళ్ళ నోట నెలోర్ అయింది, కుట్రేమీ లేదు.)

రెండోది, "స్వచ్ఛమైన ఒంగోలు". బ్రెజిల్‌లో 23 కోట్ల పైచిలుకు పశువులున్నాయి. వాటిలో ఎక్కువ భాగంలో నెలోర్ రక్తం ఉందన్నది నిజమే. కానీ ఇండియా నుంచి ఒక శతాబ్దంలో వెళ్ళినవి, గిర్, కాంక్రేజ్ లాంటి మిగతా జాతులన్నీ కలిపినా, కొన్ని వేలు మాత్రమే. కొన్ని వేల నుంచి కోట్లు ఎలా వచ్చాయి? పోర్చుగీసు వాళ్ళు ఎప్పుడో తెచ్చిన నాటు ఆవులు అక్కడ అప్పటికే ఉన్నాయి. మన గిత్తను ఆ ఆవుల మీదకు వదిలారు. పుట్టిన పెయ్యను మళ్ళీ నెలోర్ గిత్తకు, దాని పెయ్యను మళ్ళీ నెలోర్‌కు, ఇలా తరాల తరబడి దాటించారు. నాలుగైదు తరాలకు మోపురం, తెలుపు, గంగడోలు అన్నీ వచ్చేస్తాయి, చూడ్డానికి అచ్చం ఒంగోలే. కానీ తల్లి వైపు నుంచి మాత్రమే దిగే జన్యు పదార్థం ఒకటుంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షిస్తే అక్కడి నెలోర్లలో చాలావాటికి యూరప్ ఆవు జాడే కనబడింది. వంశావళి రిజిస్టర్‌లో ఉన్న మేలు మందలు వేరే ఉన్నాయి, కానీ మొత్తం మీద అది బ్రెజిల్ తయారుచేసుకున్న పశువు. విత్తనం మనది, ఒప్పుకుందాం. ఆ తర్వాత వందేళ్ళ ఎంపిక వాళ్ళది.

ఇక నాకు బాగా ఒళ్ళు మండే మాట, "మారుమూల పల్లెల్లో దేవుడిలా చూసుకుంటారు". రాసినవాళ్ళకు బ్రెజిల్ పల్లె అంటే మన గొడ్ల చావిడే గుర్తొచ్చిందేమో, చావిట్లో గిత్త, ముందు గాటి నిండా చొప్ప, ఇంటావిడ బొట్టు పెట్టి వెళ్ళడం. అక్కడి బతుకు అది కాదు. ఉదాహరణకు పాంతనాల్ తీసుకుందాం. బ్రెజిల్ పడమటి కొసన, బొలీవియా, పరాగ్వే సరిహద్దుల దగ్గర ఏటా నెలల తరబడి నీట మునిగే మహా పల్లపు నేల. అందులో న్యెకొలాండియా అనే ప్రాంతం ఉంది. 1864 నుంచి 1870 దాకా జరిగిన పరాగ్వే యుద్ధంలో ఆ చుట్టుపక్కల పశువుల స్థావరాలన్నీ నాశనమయ్యాయి. తర్వాత 1880 ప్రాంతంలో జోక్విం ఎవుజెనియో గోమెస్ ద సిల్వ అనే ఆయన కుటుంబంతో వచ్చి, తండ్రి కాలంలో పాడుబడిన ఫిర్మె అనే స్థావరాన్ని మళ్ళీ నిలబెట్టాడు. ఆయన ముద్దుపేరు న్యెకో, ఆ పేరే ప్రాంతానికి వచ్చింది.

అక్కడ ఊరంటే మన లెక్కలో ఊరు కాదు. ఒక యజమాని ఇల్లు, పనివాళ్ళ ఇళ్ళు నాలుగైదు, ఒక కొట్టం, కర్రల దొడ్డి, చిన్న విమానం దిగడానికి చదును చేసిన గడ్డి నేల. పక్కింటికి వెళ్ళాలంటే గుర్రం మీద పూట పడుతుంది. వేల ఎకరాల బీడు. ఆ బీడులో ఆవులు వాటంతటవే తిరుగుతాయి, వాటంతటవే ఈనుతాయి. మనిషి పని ఏమిటంటే, తెల్లారకముందే అన్నం, గుడ్డు, ఎండబెట్టిన మాంసం కలిపి గట్టిగా తినేసి, గుర్రమెక్కి, కొత్తగా పుట్టిన దూడలు ఎక్కడున్నాయో వెతకడం. ఎందుకంటే పచ్చి బొడ్డు మీద ఈగ గుడ్లు పెడితే పురుగులు పడి దూడ చస్తుంది. కాబట్టి తాడు విసిరి పట్టుకుని బొడ్డుకు మందు పూయాలి. ఈలోగా తల్లి కొమ్ములతో మీదకొస్తుంది. చిరుతను మించిన జాగ్వార్ ఉండనే ఉంది. వంద ఆవులుంటే ఏడాదికి వంద దూడలూ చేతికి రావు. ఉప్పు తొట్లు నింపడం, కంచెలు బాగుచేయడం, ఎండలో చెట్టు కింద కూర్చుని కొమ్ముతో చేసిన గ్లాసులో చల్లటి తెరెరె (ఒక రకం ఆకు నానబెట్టిన పానీయం) పోసుకుని, అది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారుతుండగా కబుర్లు చెప్పుకోవడం. పిల్లలు కాస్త పెద్దయితే చదువుకు కొరుంబా లాంటి పట్నాలకు పంపాలి, లేకపోతే చదువు లేనట్టే.

వరద వచ్చే కాలంలో మందను మెరక నేలకు తోలాలి. అప్పుడు కదిలే బృందాన్ని కొమితీవ అంటారు. వెయ్యి పశువులకు ఏడెనిమిది మంది. వంటవాడు కంచరగాడిదల మీద గిన్నెలు, బియ్యం, ఎండు మాంసం వేసుకుని ముందుగా వెళ్ళి, రాత్రి మజిలీ దగ్గర పొయ్యి వెలిగిస్తాడు. మంద ముందు నడిచేవాడు కొమ్ము బూర ఊదుతుంటాడు, ఆ చప్పుడుకు పశువులు వెంట నడుస్తాయి. ఇలా రోజులు, ఒక్కోసారి వారాలు. వరద అంచనాకు అందకపోతే మందలే పోతాయి. 1960లలో పొడి సంవత్సరాలు వరసగా రావడంతో పల్లపు నేలల్లో పశువుల్ని పెంచుకుంటూ పోయారు. 1974లో నీళ్ళు ఒక్కసారిగా వచ్చేసరికి లెక్కలేనన్ని మునిగిపోయాయి. 2020లో దీనికి పూర్తిగా తలకిందులు, కరువులో మంటలంటుకుని పాంతనాల్‌లో నాలుగో వంతుకు పైగా కాలిపోయింది.

ఇంత కష్టపడి పెంచిన మగదూడ ఏమవుతుంది? పాలు మానగానే వేలంలో అమ్ముతారు. మెరక ప్రాంతపు ఆసాములు కొని మేపుతారు. ఆ తర్వాత కబేళా. ప్రపంచంలో గొడ్డు మాంసం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసేది బ్రెజిలే, ఆ మాంసంలో అధిక భాగం నెలోర్‌దే. గిత్తకు బొట్టు పెట్టి మొక్కుతున్నారని ఫార్వర్డ్ చేసే మన బాబాయిలకు ఈ ముక్క చెబితే మెసేజ్ చచ్చినా పంపరు. నేను తప్పొప్పులు తేల్చడం లేదు. అక్కడ ఆ జాతి లక్షలు కోట్లు కావడానికి కారణం భక్తి కాదు, మాంసం అని మాత్రం అంటున్నాను. ఎండకు తట్టుకుంటుంది, గోమార్లను తట్టుకుంటుంది, ఆఫ్రికా నుంచి తెచ్చి చల్లిన గరుకు గడ్డి తిని కండ పడుతుంది, సాయం లేకుండా ఈనుతుంది. వాళ్ళకు కావలసిందీ అదే.

40 లీటర్ల పాల సంగతి తొందరగా ముగిద్దాం. నెలోర్ ఆవును అక్కడ మామూలుగా పాల కోసం పెంచరు, పాలు దూడకే. మెసేజ్ కింద పెట్టే ఫోటోలో పొడుగ్గా వేలాడే చెవులు, ఉబ్బెత్తు నుదురు ఉన్న ఎర్రావు కనబడితే అది గుజరాత్ గిర్. బ్రెజిల్‌లో పాలకు పేరున్నవి గిర్, దాన్ని యూరప్ పాల ఆవు హోల్‌స్టీన్‌తో కలిపిన గిరొలాండో. ఎవరో రెండు కథలు కలిపేశారు.

40 కోట్ల ఆవు మాత్రం ఉంది. పేరు వియాతీన 19, బరువు 1,101 కిలోలు, ఆ జాతి మామూలు ఆవుకు దాదాపు రెట్టింపు. అయితే 2023 వేలంలో అమ్మింది ఆవును కాదు, ఆవులో మూడో వంతు వాటాను, సుమారు 70 లక్షల రియాళ్ళకు (ఇది బ్రెజిల్ డబ్బు, గల్ఫ్ రియాల్ కాదు). దాన్ని మూడుతో హెచ్చిస్తే 2 కోట్ల 10 లక్షల రియాళ్ళు, మన డబ్బులో అప్పటి లెక్కన 35 కోట్ల పైచిలుకు. మెసేజ్‌లు దాన్ని 40 చేశాయి, పోనీలెండి. ఆ ధర పాలకూ కాదు, మాంసానికీ కాదు. దాని అండాలకు. ల్యాబ్‌లో పిండాలు తయారుచేసి మామూలు ఆవుల కడుపున పెడతారు, ఒక్క తల్లికి ఏడాదికి బోలెడు దూడలు. అసలు ఈ ఆవు కూడా ల్యాబ్‌లో పిండంగా మొదలైందే. దీన్ని చూపించి "మీ ఇంట్లో ఒంగోలు ఆవుంటే మీరు కోటీశ్వరులు" అనడం దారుణం.

చివరగా, మన నేరం. "జాతిని పోగొట్టుకున్నాం" అంటారు. పోలేదు, తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పకుండా సిగ్గుపడమంటే ఎలా? ఒంగోలు గిత్త ఉన్నది నల్లరేగడిలో బరువు నాగలి లాగడానికి, బండి లాగడానికి. గుండ్లకమ్మ, మూసి (హైదరాబాద్ మూసీ కాదు, ప్రకాశం జిల్లాది) నదుల మధ్య ఊళ్ళలో రైతులు జొన్న చొప్ప, పిల్లిపెసర మేపి కోడెల్ని సాకేవాళ్ళు. ఊళ్ళో మేలు రకం కోడెదూడను దేవుడి పేరున అచ్చువేసి వదిలేవాళ్ళు, అది ఎవరి చేలో పడి మేసినా కొట్టేవాళ్ళు కాదు, ఊరి ఆవులన్నిటికీ అదే తండ్రి. అచ్చోసిన ఆంబోతు అని ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం గానీ, వంశావళి పుస్తకాలు లేని కాలంలో జాతిని నిలబెట్టింది ఆ పద్ధతే. కరవది గిత్త అలాంటి ఊరి పనితనం. ట్రాక్టర్ వచ్చింది, గిత్తకు పని పోయింది. బంజర్లు సాగులోకి వచ్చాయి, మేత పోయింది. పాలకు గేదె నయం అనిపించింది. రోజుకు వందల రూపాయల మేత పెట్టి పని లేని జతను ఎవరు సాకుతారు? రైతును తిట్టే హక్కు, నగరంలో కూర్చుని ప్యాకెట్ పాలు తాగే మనకు లేదు.

అయినా సాకేవాళ్ళున్నారు. బండలాగుడు పందేల్లో పళ్ళను బట్టి వయసు లెక్కగట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అంటూ విభాగాలు పెట్టి ఆడుతున్నారంటే, ఆ జతలకు లక్షల ధర ఉందంటే, పెంచేవాడు ఉన్నట్టే కదా. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు మంద ఉంది, పిండమార్పిడి పని కూడా అక్కడ జరుగుతోంది. ప్రకాశం జిల్లా చదలవాడలో పశు క్షేత్రం ఉంది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో దేశవాళీ జాతుల కోసం జాతీయ కామధేను కేంద్రం పెట్టారు. ఇవి చాలా అని అడిగితే చాలవనే అంటాను. పందెం గిత్తకు గిరాకీ ఉంది, ఆవుకు లేదు, అసలు చిక్కు అక్కడుంది. గిత్త గెలిస్తే ఫోటోలు, దాన్ని కన్న ఆవు ఎవరింట్లో ఉందో ఎవరూ అడగరు.

"మనమూ బ్రెజిల్‌లా రాంచ్‌లు పెడదాం" అని కామెంట్లు పెట్టేవాళ్ళకు ఒక్క లెక్క. అక్కడ ఒక పశువుకు దాదాపు ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల బీడు. వంద పశువులకు 250 ఎకరాలు. మన దగ్గర 1973 భూపరిమితి చట్టం ఉంది, 1977 గోవధ నిషేధ చట్టం ఉంది, ఎకరం బీడు కొనాలన్నా ధర మీకే తెలుసు. నిజంగా ఉత్సాహం ఉంటే ఒక ఒంగోలు పెయ్యను కొనండి, దానికి అదే జాతి వీర్యం వేయించమని మీ ఊరి పశువుల డాక్టరుగారిని అడగండి, ఆవు పేరు, తండ్రి పేరు, ఈనిన తేదీ ఒక నోటుబుక్‌లో రాసి పెట్టండి. బ్రెజిల్ వాళ్ళు 1938లో నెలోర్ వంశావళి పుస్తకం తెరిచి మొదలుపెట్టింది ఆ పనే.