కబ్స్ అష్టోత్తరం

అమెరికాలోని షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు 1908లో ఏటా జరిగే అంతిమ టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ తరువాత మళ్లీ గెలిచింది 2016లో. నడుమ గడిచినవి సరిగ్గా 108 ఏళ్లు. బేస్‌బాల్ బంతి మీద ఉండే జంట కుట్లు కూడా 108 అని అభిమానులు పరవశించి చెబుతారు. అష్టోత్తర శతం మహిమ ఎరిగిన తెలుగువారికి ఇందులోని దైవసంకల్పాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తాత నుంచి మనవడి దాకా ఇంటిల్లిపాదీ పూనుకొని, ఒక్క ఏడాది కూడా వ్రతభంగం కాకుండా కాపాడుకొంటూ వచ్చిన ఆ ఓటమిని 2016 నవంబరులో క్లీవ్‌లాండ్ మైదానంలో, పదో ఇన్నింగ్స్‌లో, 8-7 స్కోరుతో ఒక్క రాత్రిలో మట్టిపాలు చేశారు. ఇంతటి వారసత్వ సంపద చేజారితే ఇప్పటికీ ఒక విచారణ సంఘమైనా వేయకపోవడం అన్యాయం.

గెలిచే జట్టు అభిమానికి చరిత్రతో పనేముంది? న్యూయార్క్ యాంకీస్ అభిమానిని కదిపితే 27 టైటిళ్లు అని అంకె చెప్పి ఊరుకుంటాడు. అంకెలో కథ ఉండదు. కబ్స్ అభిమాని అలా కాదు. ఏ సంవత్సరంలో, ఏ నెలలో, ఎన్నో ఇన్నింగ్స్‌లో, ఎవరి చేతిలోంచి బంతి జారిందో వంశవృక్షం చదివినట్టు చదువుతాడు. 1945 వరల్డ్ సిరీస్‌లో మద్యశాల యజమాని విలియమ్ సియానిస్ తన పెంపుడు మేకకు కూడా టికెట్టు కొని కబ్స్ సొంత మైదానమైన రిగ్లీ ఫీల్డ్‌కు తీసుకురాగా, వాసన వస్తోందని దాన్ని బయటికి పంపారనీ, ఆయన ఆగ్రహించి ఇక కబ్స్ గెలవదని శపించాడనీ ఐతిహ్యం. మన దుర్వాసుడికైనా శాపవిమోచన మార్గం చెప్పే అలవాటుంది. సియానిస్ 1970 అక్టోబరు 22న ఆ మర్యాద పాటించకుండానే కన్నుమూశాడు. సరిగ్గా అదే తేదీన, 2016లో, కబ్స్ తమ విభాగమైన నేషనల్ లీగ్ గెలిచి 71 ఏళ్ల తరువాత వరల్డ్ సిరీస్‌లో అడుగుపెట్టింది. ఇది శాపవిమోచనమా, తద్దినం రోజున జరిగిన అపచారమా అన్నది పండితులు తేల్చాలి.

అభిమానుల చరిత్ర జ్ఞానం ఎంత లోతైనదో, వారి దానగుణం ఎంత విచిత్రమైనదో తెలియాలంటే 2003 అక్టోబరు 14 నాటి ఆట దగ్గర కాసేపు ఆగాలి. నేషనల్ లీగ్ టైటిల్ కోసం ఏడు ఆటల పోరులో అది ఆరో ఆట. ఫ్లోరిడా మార్లిన్స్‌పై కబ్స్ 3-0 ఆధిక్యంలో ఉంది. మరో అయిదుగురిని అవుట్ చేస్తే వరల్డ్ సిరీస్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ప్రేక్షకుల అంచుకు ఎగిరివచ్చిన ఒక ఫౌల్ బంతిని (గీత బయటికి పోయిన బంతిని) పట్టడానికి కబ్స్ ఫీల్డర్ మోయిజెస్ అలూ గోడ పక్కన ఎగిరాడు. అదే సమయంలో చేతులు చాచిన పలువురు ప్రేక్షకుల్లో ఒకరి చేతికి బంతి తగిలింది. ఆ తరువాత చేతికి వచ్చిన తేలికైన బంతిని కబ్స్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల నడుమ కాసే ఆటగాడు) వదిలేశాడు, బంతి విసిరే పిచర్లు వరుసగా పరుగులు సమర్పించుకున్నారు, ఎనిమిది పరుగులు పోయాయి. మర్నాడు ఏడో ఆట కూడా పోయింది. ఇంతమంది జీతగాళ్లు కలిసికట్టుగా సాధించిన ఫలితానికి బాధ్యుడెవరని నగరం ఆలోచించి, జీతం తీసుకోని ఆ ఒక్క మనిషిని ఎంపిక చేసింది. ఆయనను భద్రతా సిబ్బంది కాపాడి బయటికి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ ఊరు ఇప్పటికే కావలసినంత రాసింది.

బంతి మాత్రం మరో ప్రేక్షకుడికి దొరికి, వేలానికి వెళ్లింది. షికాగోలోని హ్యారీ కేరీస్ రెస్టారెంట్ తరఫున దాన్ని 1,13,824 డాలర్లకు కొన్నారు. కొన్నది దాచుకోవడానికి కాదు, చంపడానికి. మరణశిక్ష పడిన ఖైదీకి పెట్టినట్టు దానికి కడపటి భోజనం వడ్డించి, 2004 ఫిబ్రవరిలో సినిమా ప్రత్యేక ప్రభావాల నిపుణుడిని పిలిపించి, జనసమక్షంలో పేల్చివేశారు. ఆ సందర్భాన్ని పిల్లల మధుమేహ పరిశోధనకు విరాళాలు సేకరించడానికి వాడుకున్నారు. అక్కడితో కోపం చల్లారలేదు గనుక, మరుసటి ఏడు మిగిలిన ముక్కలను మరిగించి, ఆ ఆవిరిని పట్టి, పాస్తా సాస్‌లో కలిపి అభిమానులకు వడ్డించారు. ఇదేమి వెర్రి అని నవ్వే తెలుగు పాఠకులు బాలాపూర్ గణేశుడి లడ్డూను తలచుకోవాలి: 1994లో 450 రూపాయలకు పాడుకున్నది 2024లో 30 లక్షలు దాటింది. మన లడ్డూ కనీసం మొదటి నుంచీ తినే వస్తువు.

మధుమేహమే ఎందుకంటే, దాని వెనుక రాన్ శాంటో ఉన్నాడు. 1960 నుంచి 1973 దాకా కబ్స్‌కు మూడో బేస్ కాసిన శాంటో, తన జబ్బు బయటపడితే జట్టులోంచి తీసేస్తారని 1971 వరకు దాచిపెట్టి ఆడాడు. 1969లో న్యూయార్క్ మైదానంలో నల్లపిల్లి ఎవరి పక్కనుంచి నడిచిందని అభిమానులు చెప్పుకుంటారో ఆ ఆటగాడు కూడా ఇతనే. పిల్లి విషయంలో ఉన్న శ్రద్ధ జబ్బు విషయంలో ఎవరికీ లేకపోయింది. తరువాత రేడియో వ్యాఖ్యాతగా కూర్చొని, కబ్స్ ఆటగాడు బంతి జారవిడిచినప్పుడల్లా నిష్పాక్షికత అనే వృత్తిధర్మాన్ని గాలికొదిలి శోకించేవాడు. 2001లో ఒక కాలు, 2002లో మరో కాలు మధుమేహానికి పోయాయి. అటువంటి మనిషి పేరున మధుమేహ పరిశోధన విరాళాలకు ఏటా జరిగిన కార్యక్రమం నడక. ఆయన కృషితో పరిశోధనకు 6 కోట్ల డాలర్లకు పైగా సమకూరాయి. మేకను గానీ బంతి పేలుడును గానీ ఆశ్రయించకుండా ఇంత సేకరించడం వృత్తి మెలకువలు తెలియకపోవడమే. కబ్స్ సంప్రదాయాన్ని, మేటి ఆటగాళ్లను ఎన్నుకొని గౌరవించే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు మాత్రం గౌరవించారు: ఆయన 2010 డిసెంబరులో మరణించాక, 2011 డిసెంబరులో ఎన్నుకున్నారు.

గెలుపు తరువాత ఏం మిగిలిందని చూస్తే, ఆకులు మిగిలాయి. రిగ్లీ ఫీల్డ్ గోడమీది ఐవీ తీగ ఆకులను 2016 సంఖ్యకు సరిపడా ఏరి, ఒక్కొక్కటి 200 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అది అసలైన ఆకేనని ధ్రువీకరించే హోలోగ్రామ్ కూడా ఉండేది. నవ్వులాట కాదు; నకిలీ సంతకాల ముఠాలపై ఎఫ్‌బీఐ దాడులు జరిపినప్పుడు పట్టుబడిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు ఉన్నాయి. ఆమె ఏ జట్టు అభిమానో దర్యాప్తులో తేలలేదు.

ఈ వ్యాపారానికి తీవ్ర నష్టం కలిగించినవాడు 2003 నాటి ఆ ప్రేక్షకుడే. కబ్స్ ఓటమి ఆనందంలో మార్లిన్స్ అభిమానులు కానుకలు పంపబోతే, వాటిని శాంటోతో అనుబంధమున్న మధుమేహ సంస్థకే ఇవ్వమన్నాడు. ఇంటర్వ్యూలు వద్దన్నాడు, ప్రకటనలు వద్దన్నాడు. 2008లో జ్ఞాపికల సంతకు వచ్చి ఒక ఫొటోమీద సంతకం చేస్తే 25,000 డాలర్లు ఇస్తామన్నా వెళ్లలేదు. 2017లో కబ్స్ యాజమాన్యం పిలిచి, లోపలివైపు మేక తల చెక్కిన విజేతల ఉంగరాన్ని ఆయనకు బహూకరించింది. సంగ్రాహకులు ఎంతో ఆశపెట్టుకున్నారు. ఆ ఉంగరం కూడా వేలానికి రాలేదు.