రాసింది సరే, చదివారా?

తిరుపతిలో ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందని తెలుసుకోవడానికి ఏ కాలేజీకీ వెళ్లనక్కర్లేదు. జిరాక్స్ షాపుల ముందు కాసేపు నిలబడితే చాలు. నాలుగు కాపీలు, గట్టి అట్ట, దానిమీద బంగారు రంగు అక్షరాలు, సాయంత్రానికల్లా కావాలన్నా అంటూ పిల్లలు గుమిగూడి ఉంటారు. ఆ అట్టల మధ్య ఉన్న కోడ్ ఎవరు రాశారన్నది మన దగ్గర ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న. మొన్నటిదాకా కోడ్, రిపోర్టు, పీపీటీ కలిపి ప్యాకేజీగా అమ్మే సెంటర్లలో బ్యాచ్ అంతా తలా కొంత వేసుకుని కొనుక్కునేది. వైవా ముందు రోజు రాత్రి ఒకడు మిగతా ముగ్గురికీ పాఠం చెప్పేవాడు. ఇప్పుడు ఆ ఖర్చూ అక్కర్లేదు. హాస్టల్ గదిలో కూర్చుని ఏఐకి నాలుగు వాక్యాలు చెబితే మెస్ గంట కొట్టేలోపు ప్రాజెక్టు తయారు. ప్రాజెక్ట్ సెంటర్ల గిరాకీ పోతే మేమేమీ కన్నీళ్లు పెట్టుకోం. కానీ చదవకుండా సబ్మిట్ చేసే అలవాటు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇదంతా నాలుగైదేళ్లలో జరిగిన మార్పు. 2021 జూన్‌లో కోడ్ రాయడంలో సాయపడే గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు అది మనం మొదలుపెట్టిన లైన్లను పూర్తి చేసిపెట్టేది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రాములు అడిగి రాయించుకోవడం మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ ‘వైబ్ కోడింగ్’ అన్న మాట పుట్టించారు. కోడ్ వైపు చూడకుండా, కావాల్సింది నోటితో చెబుతూ, ఎర్రర్ వస్తే దాన్ని తిరిగి ఏఐకే అంటిస్తూ పని కానిచ్చేయడం దాని అర్థం. వారాంతంలో సరదాగా చేసి పారేసే ప్రాజెక్టులకైతే ఇది ఫర్వాలేదని ఆయన అప్పుడే అన్నారు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ షరతు దారిలో ఎక్కడో జారిపోయింది. ఇప్పటి ఏజెంట్లు, అంటే చెప్పిన పనిని తామే అంచెలంచెలుగా చేసుకుపోయే ఏఐ ప్రోగ్రాములు, సొంతంగా ఫైళ్లు తెరుస్తాయి, కమాండ్లు నడుపుతాయి, టెస్టులు వేస్తాయి. డేటాబేస్ తాళం చేతికిస్తే అందులోకీ వెళ్తాయి.

తాళం ఇస్తే ఏమవుతుందో 2025 జూలైలో లోకమంతా చూసింది. ఆన్‌లైన్‌లోనే యాప్‌లు తయారుచేసుకునే రెప్లిట్ అనే వేదికపై జేసన్ లెమ్కిన్ అనే పెట్టుబడిదారు ఏఐ ఏజెంటుతో ఒక యాప్ కట్టిస్తున్నారు. ఇక కోడ్ ముట్టుకోవద్దని దానికి స్పష్టంగా చెప్పారు. అయినా అది అసలు డేటాబేస్‌నే చెరిపేసింది. వెయ్యికి పైగా కంపెనీల వివరాలు అందులో ఉన్నాయి. పైగా, పోయింది వెనక్కి రాదని కూడా చెప్పింది. ఆయన తానే ప్రయత్నిస్తే వెనక్కి వచ్చింది! కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పి, ప్రయోగాలు చేసే డేటాబేస్‌ను, వాడకంలో ఉన్న డేటాబేస్‌ను విడదీసే ఏర్పాటు చేశారు. ఈ రెంటినీ వేరుగా ఉంచాలన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే చెప్పే సంగతి. మన లాబ్ రికార్డుల్లో మాత్రం అది ఎక్కడా కనిపించదు. అక్కడ ఇప్పటికీ ఎయిమ్, ప్రొసీజర్, అవుట్‌పుట్ అంటూ చేత్తో రాసి, గీతలు కొట్టి, సంతకం పెట్టించుకోవడమే.

ఏఐతో పని త్వరగా అవుతుందన్న మాటనూ కాస్త ఆగి చూడాలి. మీటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకు, వారికి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చింది. కొన్నిటిని ఏఐ సాయంతో, కొన్నిటిని లేకుండా చేయించింది. ఏఐ ఉంటే 24 శాతం సమయం తగ్గుతుందని వాళ్లు ముందుగా అనుకున్నారు. నిజానికి 19 శాతం ఎక్కువ పట్టింది. అంతా అయ్యాక అడిగినా 20 శాతం ఆదా అయిందనే చెప్పారు. ఆరితేరిన వాళ్ల గడియారమే ఇంత తప్పితే, సెకండియర్ పిల్లవాడి ‘అయిపోయింది సార్’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి? అది 2025 మొదట్లో ఉన్న పనిముట్ల సంగతి, ఆ తర్వాత అవి మెరుగుపడ్డాయి, కాదనం. మేమూ మడి కట్టుకుని కూర్చోలేదు. మా డెస్కులోనూ తర్జుమాల చిత్తుప్రతికి ఏఐని వాడుతున్నాం. వాడి, చదివి, దిద్దుతున్నాం. ఆ చివరి రెండు పనులకే ఇప్పుడు విలువ.

కోడ్ రాయడం ఒక ఎత్తు, దాన్ని నడిపించడం ఇంకో ఎత్తు. క్లౌడ్ అనగానే ఆకాశంలో ఎక్కడో ఉంటుందన్నట్టు పిల్లలు మాట్లాడతారు. అది ఎక్కడో ఒక షెడ్డులో కరెంటు తాగుతూ, ఏసీలో ఉండే కంప్యూటరే. అమెజాన్ క్లౌడ్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి కేంద్రాలున్నాయి. 2025 దీపావళి రోజు మధ్యాహ్నం మనం టపాసులు ఎండబెట్టుకుంటున్న వేళ, అమెరికాలోని వర్జీనియాలో ఉన్న వాళ్ల కేంద్రం దెబ్బతింది. ఒక డేటాబేస్ సేవకు దారి చూపే చిరునామాల పట్టికను సరిచేయడానికి ఆటోమేటిక్ ప్రోగ్రాములున్నాయి. వాటిలో ఒకటి వెనకబడి పాత పట్టికను కొత్తదాని మీద వేసింది. పాతవి ఊడ్చే పనిలో ఉన్న ఇంకొకటి దాన్ని కూడా చెరిపేసింది. చిరునామా ఖాళీ. దాన్ని తిరిగి నింపడానికి చివరికి మనుషులే దిగాల్సి వచ్చింది. స్నాప్‌చాట్, కాన్వా లాంటివి ప్రపంచమంతా గంటల తరబడి ఆగిపోయాయి. నెల తిరగకముందే, నవంబర్ 18 సాయంత్రం, వెబ్‌సైట్లకు ముందు కాపలా ఉండి వాటిని మనకు అందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వంతు వచ్చింది. డేటాబేస్ అనుమతుల్లో చేసిన ఒక మార్పు వల్ల ఒక ఫైలు రెట్టింపు పెద్దదైంది. దాన్ని చదివే ప్రోగ్రాముకు ఒక పరిమితి ఉంది, అది దాటగానే కూలిపోయింది. దానితో చాట్‌జీపీటీ కూడా మూగబోయింది. మొదట్లో వాళ్ల ఇంజినీర్లే ఇదేదో దాడి అనుకున్నారు.

ఈ రెండు సంఘటనల్లోనూ చెడిపోయింది గొప్ప ఆల్గారిథమ్ ఏమీ కాదు, ఒక పట్టిక, ఒక ఫైలు. తిరుమల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే ఉదయం ఫోను పట్టుకుని కూర్చున్న ఏ ఇంట్లోవాళ్లకైనా ‘సర్వర్ బిజీ’ అంటే ఏమిటో తెలుసు. లక్షల మంది ఒకే నిమిషంలో తలుపు తడితే ఏం చేయాలన్నది ప్రపంచంలో చాలా ఊళ్లకు పుస్తకంలో ప్రశ్న. మనకు నెలనెలా వచ్చే పండగ. ఇంతకన్నా మంచి పాఠం ఏ సిలబస్‌లో దొరుకుతుంది? అయినా మన కాలేజీల్లో క్లౌడ్ కంప్యూటింగ్ అంటే ఐదు యూనిట్లు, పది మార్కుల ప్రశ్నలు. కొంచెం చొరవ ఉన్న పిల్లలు ఫ్రీ అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్‌లా రహస్యంగా ఉంచాల్సిన కీని కోడ్‌తో పాటు అందరికీ కనిపించేలా గిట్‌హబ్ సైటులో పెట్టేస్తారు. అలాంటి కీల కోసమే వెతికే మోసగాళ్ల ప్రోగ్రాములు (బాట్లు) దాన్ని నిమిషాల్లో పట్టుకుని ఆ అకౌంట్ మీద పెద్ద పెద్ద మెషీన్లు నడిపేస్తాయి. బిల్లు నాన్న కార్డుకు వస్తుంది. ఆ ఇంట్లో టెన్షన్ గురించి చెప్పాలా?

పనిముట్టుకు మంచీ చెడూ తెలియదు. విద్యార్థికి ఒక సాయంత్రంలో వెబ్‌సైటు కట్టిచ్చే ఏఐ, కొండమీద గదులిప్పిస్తామని నమ్మించే మోసగాడికీ అంతే త్వరగా కట్టిస్తుంది. నకిలీ సైట్ల గురించి టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించిందో పాఠకులకు తెలుసు. ఒకప్పుడు అలాంటి సైట్లను అక్షర దోషాలు, వంకర టింకర బొమ్మలు పట్టించేవి. ఇప్పుడు భాష నున్నగా ఉంటుంది, బొమ్మలు అసలువాటికన్నా అందంగా ఉంటాయి. ఎక్కడి నుంచో బస్సు దిగి అలిపిరి దగ్గర రసీదు చూపించే పెద్దాయన దాన్నెలా గుర్తుపడతాడు? సైటు అడ్రసును, అది ఎప్పుడు రిజిస్టరైందో, ఎక్కడ హోస్టయిందో చూసి చెప్పగల కుర్రాళ్లు ఈ ఊళ్లో వందలుగా ఉండాలి. అదీ ఇంజినీరింగే.

తల్లిదండ్రులు అడిగేది ఉద్యోగాల గురించి. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామన్నప్పుడు చాలా ఇళ్లలో అన్నం సహించలేదు. అది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు పొంతన కుదరకే అని ఆ సంస్థ సీఈవో చెప్పారు. ఏదైతేనేం, చెప్పింది టైపు చేసే చేతులకు గిరాకీ తగ్గుతోంది. విశాఖలో గూగుల్ పెడతానన్న 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ మీద మన నాయకులు చాలానే మాట్లాడుతున్నారు. చిత్తూరు పిల్లలకు దానివల్ల ఒరిగేది వాళ్లు నేర్చుకుని వెళ్లినంతే.

అందుకే మేము అడుగుతున్నది కొత్త భవనమో, ఏఐ పేరు తగిలించిన కొత్త బ్రాంచో కాదు. ఆ బోర్డులు ఇప్పటికే కావాల్సినన్ని ఉన్నాయి. వైవా తీరు మార్చండి. ఏఐతో రాయించుకోనివ్వండి, దాచుకోవాల్సిన పనీ లేదు. వైవా రోజున బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్, అదే ఎక్స్‌టర్నల్, ఆ కోడ్‌లో ఒక లైను చెడగొట్టి, అరగంట ఇచ్చి, ఎక్కడ చెడిందో కనుక్కోమనాలి. ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో కాకుండా ఒక సర్వర్ మీద నెల రోజులు నడిచి ఉండాలి. ఎన్నిసార్లు పడిపోయింది, ఎందుకు పడిపోయింది, ఎలా లేపారు అన్నదే రిపోర్టు. ఆ సర్వర్ కోసం కాలేజీలో మూల పడి ఉన్న పాత డెస్క్‌టాప్, దాని మీద ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చాలు. సిలబస్ సొంతంగా వేసుకునే అటానమస్ కాలేజీలకు ఇది తమ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక తీర్మానంతో అయ్యే పని. మిగతా వాటి విషయంలో అనంతపురం జేఎన్‌టీయూ తలచుకోవాలి. ఎక్స్‌టర్నల్స్‌కు ఒక రోజు శిక్షణ కావాలంటే ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీ ఉంది. బస్సు చార్జీలకు మించి ఖర్చు లేదు.

అభ్యంతరం ఎక్కడి నుంచి వస్తుందో మాకు తెలుసు. అలా పరీక్ష పెడితే సగం మంది ఫెయిలవుతారని మేనేజ్‌మెంట్లు అంటాయి. అవుతారేమో. అప్పుడు ఆ సగం మందికి నాలుగేళ్లు ఏం చెప్పారో మేనేజ్‌మెంట్లను అడిగే అవకాశం తల్లిదండ్రులకు వస్తుంది.