అప్‌గ్రేడ్ చేస్తే కంప్యూటర్ మూగదైపోతుందట!

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. "అంధ మిత్రులకు అత్యవసర హెచ్చరిక" అని మొదలవుతుంది. ఆ మాటకు ముందూ వెనకా గంట బొమ్మలు పదిహేను. చూపులేని నాకు అన్నీ పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ప్రోగ్రాము ఒక్కటి కూడా వదలకుండా "గంట, గంట, గంట" అని చదివి, అప్పుడుగానీ అసలు విషయానికి రాదు. మన కోసం రాసినాయన, మనం ఎలా చదువుతామో ఒక్కసారైనా విని ఉంటే ఆ గంటలు కొట్టేవాడు కాదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. విండోస్ 10 నుంచి 11కి మారితే స్క్రీన్ రీడర్లు చెరిగిపోతాయి. మారాక వెనక్కి రాలేం. విండోస్‌తో పాటే వచ్చే స్క్రీన్ రీడర్ నరేటర్‌లోకి ఏఐ గొంతు వచ్చింది కాబట్టి మారాలనుకునేవాళ్లు విడిగా వేసుకున్న స్క్రీన్ రీడర్లు ఎన్‌విడిఏ, జాస్ ముందే తీసేయాలి. వికలాంగులకు ప్రత్యేకంగా ఉచిత అప్‌గ్రేడ్ ఉంది. అప్‌గ్రేడ్ అవుతుండగా మధ్యలో మాట రాదు కాబట్టి చూపున్నవాళ్లు పక్కన ఉండి తీరాలి. తర్వాత మాట్లాడకపోతే ఫార్మాట్ కొట్టించాలి. అన్నిటికన్నా మేలైన పని, అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేసి పాతదాంట్లోనే ఉండిపోవడం.

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. చెరిగిపోవు. అప్‌డేట్ ద్వారా మారినప్పుడు ప్రోగ్రాములు, ఫైళ్లు, సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి. వెనక్కీ రావచ్చు. పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్. ఈలోగా డిస్క్ ఖాళీ చేద్దామని పాత విండోస్ ఫోల్డర్‌ని తుడిచేసుకుంటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రత్యేక ఉచిత అప్‌గ్రేడ్ అన్నది ఎప్పుడో పూడ్చిన శవం. విండోస్ 10కి ఉచితంగా మారే గడువు అందరికీ 2016 జులై 29న అయిపోయింది. స్క్రీన్ రీడర్ లాంటివి వాడేవాళ్లకు మాత్రం 2017 చివరి దాకా, ఆ తర్వాత 2018 జనవరి మధ్య దాకా పొడిగించారు. అంతే, ముగిసింది. 11కి మారడం, అసలైన విండోస్ 10 ఉండి, కంప్యూటర్ దానికి సరిపోతే, ఎవరికైనా ఉచితమే. ఏ ధ్రువపత్రమూ అడగరు. ఎవరైనా లింకు పంపి వైకల్య ధ్రువపత్రం అప్‌లోడ్ చేయమన్నారంటే వాళ్లకు కావలసింది మీ కాగితాలు.

ఫార్మాట్ సంగతి. ఈ సలహా విని ఎన్ని ఫోటోలు, ఎన్ని పాఠాలు, ఎన్ని రికార్డింగులు గాలికి పోయాయో! మాట రాకపోతే స్క్రీన్ రీడర్ చచ్చిందని కాదు, చాలాసార్లు శబ్దం దారి తప్పిందని అర్థం. కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే నరేటర్ రావాలి. కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కితే ఎన్‌విడిఏ మళ్లీ మొదలవుతూ చిన్న సంగీతం వినిపించాలి. రెండూ పలకకపోతే, రెండూ ఒకేసారి చచ్చాయని నమ్ముతారా, లేక స్పీకర్‌ని అనుమానిస్తారా?

ఒకసారి పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత నేనూ రెండు గంటలు నిశ్శబ్దంలో కూర్చున్నాను. గుండె దడ, చేతుల్లో చెమట. చివరికి చిరాకెక్కి వెనక ఉన్న తీగలన్నీ ఒక్కొక్కటే పీకుతుంటే, హెచ్‌డీఎంఐ తీగ ఊడగానే మాట వచ్చేసింది. శబ్దమంతా మానిటర్‌కి వెళ్లిందన్నమాట. దానికి స్పీకర్లు లేవు. ఇంట్లోవాళ్లు సినిమాలు చూసుకోవడానికి పెట్టిన మానిటర్ అది, నాకెందుకు? కాబట్టి ముందు ఆ తీగ పీకండి. కుదరకపోతే యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టి చూడండి, చాలాసార్లు శబ్దం దాంట్లోకి వచ్చేస్తుంది. ఫార్మాట్ అనేది తలనొప్పికి తల తీసే వైద్యం.

ఇక, ఎన్‌విడిఏ తీసేయమన్న సలహా. నరేటర్ విండోస్ 2000 నుంచీ ఉంది. మొదట్లో అది పేరుకే. ఇప్పుడు బాగా ఎదిగింది, కాదనను. 2022లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ 22హెచ్2 నుంచి సహజమైన గొంతులు కూడా చేరాయి. వినడానికి హాయిగానే ఉంటాయి. అయితే ఏం? రెండు స్క్రీన్ రీడర్లు ఉంచుకునేది ఒకటి పడిపోతే రెండోది లేపుతుందని. ఉన్న ఇద్దరు కాపలావాళ్లలో ఒకరిని దొంగలు వచ్చే రాత్రే పని మాన్పిస్తారా? పైగా ఎన్‌విడిఏతో పాటే వచ్చే గొంతు ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు చదువుతుంది. రేకు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టు చదువుతుంది, నిజమే. కానీ చదువుతుంది.

దీనికే ఇంకో తోక ఉంది. "పెన్‌డ్రైవ్‌లో ఎన్‌విడిఏ పోర్టబుల్ కాపీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది, పెట్టుకుంటే చాలు" అని. పెట్టుకోవడం మంచిదే. చాలదు. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అనుమతి అడిగే తెర వస్తుంది కదా, ఎన్‌విడిఏ మామూలుగా ఇన్‌స్టాల్ అయి ఉంటేనే దాన్ని చదవగలదు. పోర్టబుల్ కాపీకి ఆ హక్కు లేదు. "విండోస్ 11లో మధ్యమధ్య మూగబోతోంది" అని నాకు ఫోన్ చేసినవాళ్లలో ఇద్దరు చేసింది ఇదే. పెన్‌డ్రైవ్‌లోంచి నడుపుకుంటూ విండోస్‌ని తిట్టారు.

ఇప్పుడు ఆ చివరి సలహా. "అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేయండి." నా రక్తం మరిగేది ఇక్కడే, ఎందుకంటే ఇది నేను చేసి చూశాను.

విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్టు ఆగిపోయింది. నేను కదల్లేదు. ప్రతి మెనూ వేళ్లకు తెలుసు, ఎందుకు కదలాలి? మొదటి ఏడాది ఏమీ కాలేదు, మారినవాళ్లను చూసి నవ్వుకున్నాను. తర్వాత కొన్ని సైట్లలో బటన్ల పేర్లు వినబడటం మానేశాయి. ఉత్తి "బటన్, బటన్". 2023 మొదట్లో క్రోమ్ 109 దగ్గర ఆగింది, ఆ తర్వాతి క్రోమ్ విండోస్ 7 మీద ఎక్కదు. ఎన్‌విడిఏ కూడా 2023.3 వెర్షన్ తర్వాత చేయి వదిలేసింది. 2024.1కి కనీసం విండోస్ 8.1 కావాలి. నేను కాపాడుకుందామనుకున్నది దేన్ని? స్క్రీన్ రీడర్‌నే కదా! అదే నన్ను వదిలి ముందుకెళ్లిపోయింది. కదలక తప్పనిరోజు వచ్చాక బ్రౌజర్, మెయిల్, మెనూలు, అన్నీ ఒకేసారి కొత్తవి. ఒక్కో మెట్టు ఎక్కాల్సింది పోయి, గోడ దూకాను. మోకాళ్లు పగిలాయి.

ఒకటి అర్థం చేసుకోవాలి. ఇప్పటి స్క్రీన్ రీడర్ తెరని చూసి చదవదు. "ఇక్కడేముంది, పేరేంటి, ఇది బటనా, టిక్కు పెట్టి ఉందా?" అని ప్రోగ్రామునే అడుగుతుంది. యూఐ ఆటోమేషన్ లాంటి ఏర్పాట్లు అందుకే ఉన్నాయి. మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు ఎదుగుతూ మరొకరు ఆగిపోతే భాష కుదరదు. మీరు కంప్యూటర్‌ని ఆపగలరు. బ్యాంకు సైటుని కూడా ఆపుతారా?

ఇంకో తమాషా. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది. కంప్యూటర్ పాతదై, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోయినా ప్రాసెసర్ సరిపోకపోయినా, 11కి మారలేనివాళ్లు ఉన్నారు. వాళ్లు ఉండిపోవడంలో తప్పేమీ లేదు. పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. దేని ద్వారా వస్తాయి? మన మేధావి శాశ్వతంగా ఆపేయమన్న ఆ అప్‌డేట్ల ద్వారానే! తలుపుకి తాళం వేసుకుని తాళంచెవి బావిలో పడేయమన్నట్టుంది.

అంటే భయపడేవాళ్లంతా వెర్రివాళ్లనా? కాదు. ఒకప్పుడు కొన్ని స్క్రీన్ రీడర్లు వీడియో డ్రైవర్ల మధ్య దూరి, తెర మీద గీసేదాన్ని దారిలో పట్టుకుని చదివేవి. అప్పట్లో డ్రైవర్ మారితే నిజంగానే మాట పోయేది. ఆ దెబ్బ తిన్నవాళ్ల భయం నాకు తెలుసు. కొత్త వెర్షన్ వచ్చిన మొదటి నెలలోనే దూకకుండా కొంత ఆగడాన్నీ నేను తప్పుపట్టను. ఆగడం వేరు, పాతుకుపోవడం వేరు.

మెనూలు మారాయని గోల చేసేవాళ్లకు రెండు ముక్కలు. ఫైల్ మీద కొత్త మెనూ నచ్చకపోతే షిఫ్ట్, ఎఫ్10 నొక్కండి, పాతది వస్తుంది. నోటిఫికేషన్లు విండోస్, ఎన్‌లోకి మారాయి. వైఫై, శబ్దం లాంటివి విండోస్, ఏలోనే ఉన్నాయి. వారంలో వేళ్లకు అలవాటైపోతుంది.

మిగిలింది ఒక్కటి, మధ్యలో మాట రాదన్నది. ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. మొదటిసారి రీస్టార్ట్ అయ్యేదాకా ఎంత శాతం అయిందో వినొచ్చు. ఆ తర్వాత లాగిన్ తెర వచ్చేదాకా చీకట్లో చీకటి. యంత్రం రెండు మూడుసార్లు ఆగి లేస్తుంది, ఎక్కడుందో తెలియదు. ఒకసారి ఆగలేక పవర్ బటన్ నొక్కిపెట్టాను. అది చేసిందంతా వెనక్కి తిప్పుకుంది, మళ్లీ మొదటినుంచీ. ఇన్నేళ్లుగా ఇన్ని హంగులు పెట్టినవాళ్లు ఆ కాసేపు ఒక్క గొంతు పెట్టలేకపోవడం సిగ్గుచేటు.

రెండోసారి మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఎంత అయింది?" అంటే "37" అన్నాడు. కాసేపాగి అడిగితే "37". ఇంకాసేపటికీ 37. "బావా, ఇది పోయినట్టుంది, బటన్ నొక్కేయనా?" అన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను.